మస్జిదు మెట్ల కింద బజారు

ముప్ఫై ఏళ్ళుగా హదీసు పాఠం చెబుతున్నాను. ప్రతి సంవత్సరం మస్జిదుల అధ్యాయం వచ్చినప్పుడు సహీహ్ ముస్లిం సంకలనంలోని ఒక హదీసు దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. భూమి మీది చోట్లన్నింటిలోకీ అల్లాహ్‌కు మస్జిదులు అన్నిటికన్నా ప్రియమైనవనీ, బజార్లు అన్నిటికన్నా అప్రియమైనవనీ దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు అది. "పని ఉంటేనే బజారుకు వెళ్ళండి, పని కాగానే వచ్చేయండి. మీ మనసును మాత్రం మస్జిదులోనే ఉంచి వెళ్ళండి" అని విద్యార్థులకు చెబుతూ వచ్చాను. ఆ వివరణ తప్పు కాదు. కానీ అది సగం వివరణ మాత్రమేనని గత శీతాకాలంలో ఇస్తాంబుల్ వీధుల్లో ఒక్క రోజు నడిచిన తరువాతే నాకు తెలిసింది.

అల్లాహ్ దయతో ఉమ్రా పూర్తి చేసుకుని తిరిగి వస్తున్నాము. గుంటూరు, విజయవాడ, ఖమ్మం ప్రాంతాలకు చెందిన ఇరవై మంది బృందం మాది. తిరుగు ప్రయాణంలో ఇస్తాంబుల్‌లో ఒక పూర్తి రోజు దొరికింది. ఆ ప్రయాణంలో నన్ను వెంట తీసుకువెళ్ళినవాడు నా పూర్వ విద్యార్థి ఒకడు. పద్దెనిమిదేళ్ళ క్రితం మా మదర్సాలో నాలుగో ఏడు చదువుతుండగా అతని తండ్రి చనిపోయారు. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. చదువు మానేసి తండ్రి బట్టల దుకాణంలో కూర్చోక తప్పలేదు. సెలవు తీసుకోవడానికి వచ్చిన రోజు నేను అతనితో, "మస్జిదును వదిలి బజారుకు పోతున్నావు నాయనా" అన్నాను. అతను తల వంచుకుని సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళకు, "హజ్రత్, మీరు ఇంతవరకు హరమ్ దర్శనం చేసుకోలేదు. నా వెంట రండి" అని ఖర్చంతా తానే పెట్టుకుని తీసుకువెళ్ళాడు.

ఇస్తాంబుల్‌లో మాకు దారి చూపిన మార్గదర్శి పాతికేళ్ళు దాటిన తుర్కీ యువకుడు. ఇమామ్‌లను, ఖతీబులను తయారు చేసే అక్కడి ఇమామ్-హతీప్ పాఠశాలలో చదివాడు కనుక అరబ్బీ చక్కగా మాట్లాడగలడు. మా ఇద్దరికీ అదే ఉమ్మడి భాష అయింది. అతను చెప్పినదాన్ని నేను తెలుగులో మావాళ్ళకు వినిపించేవాణ్ణి. తెల్లవారుజామున హోటలు గుమ్మంలోనే అతను మాకొక షరతు పెట్టాడు. "ఈ రోజు గోపురాలు, మీనార్లు చాలా చూస్తారు. ప్రతి మస్జిదులోనూ మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. ఈ మస్జిదు దీపంలో నూనె ఎవరు పోశారు? అది అడగకపోతే మీరు రాళ్ళను చూసి వెళ్ళినట్టే."

వాలుగా నిలిచిన వరుసలు

ఫజ్ర్ నమాజు ఆయాసోఫియాలో చేశాము. ఎముకలు కొరికే చలిలో నడిచి లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. 31 మీటర్ల వెడల్పున్న గోపురం, నేల నుంచి దాదాపు 55 మీటర్ల ఎత్తున తేలుతున్నట్టు కనిపిస్తుంది. బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్ 532 నుంచి 537 వరకు, కేవలం ఐదేళ్ళలో, దీన్ని చర్చిగా కట్టించాడు. 1453 మే 29న సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ నగరాన్ని జయించాక ఇది మస్జిదు అయింది. 1934లో వెలువడిన ప్రభుత్వ నిర్ణయంతో మ్యూజియంగా మారింది. 2020 జులై 24న ఇక్కడ మళ్ళీ జుమా నమాజు జరిగింది.

గోడల మీద ఎనిమిది పెద్ద గుండ్రని ఫలకాలున్నాయి. ఒక్కొక్కటి ఏడు మీటర్లకు పైగా వెడల్పు. అల్లాహ్ నామం, దైవప్రవక్త (స) నామం, నలుగురు ఖలీఫాల పేర్లు, హసన్, హుసైన్ (రజి)ల పేర్లు వాటి మీద ఉన్నాయి. 19వ శతాబ్దంలో ముస్తఫా ఇజ్జత్ అఫందీ అనే లేఖన కళాకారుడు వాటిని రాశారు. నన్ను అంతకన్నా ఆకర్షించిన విషయం మరొకటుంది. ఈ కట్టడం కట్టినప్పటి దిశ వేరు, ఖిబ్లా దిశ వేరు. అందుకని మిహ్రాబును భవనం నడిమి గీతకు కాస్త కుడి పక్కగా అమర్చారు. నమాజు వరుసలు భవనానికి వాలుగా నిలుస్తాయి. గోడలు ఒక వైపు చూస్తుంటే నమాజీలు మరో వైపు చూస్తారు. గోడలు ఎటు చూసినా, నిలబడే మనిషి ఎటు తిరగాలో తెలిసి ఉంటే చాలునని ఆ వాలు వరుసలో నిలబడినప్పుడు అనిపించింది.

నమాజు ముగిశాక నా విద్యార్థే ముందుగా ఆ ప్రశ్న అడిగాడు. మార్గదర్శి నవ్వి పడమటి వైపు చేయి చూపించాడు. "ఫాతిహ్ ఈ మస్జిదుతో ఆగిపోలేదు. రెండు మూడేళ్ళు గడవగానే అక్కడ రాతి గోడలతో, గోపురాలతో ఒక బజారు కట్టడం మొదలుపెట్టాడు. ఆ బజారు అద్దెను ఈ మస్జిదుకు వక్ఫ్ చేశాడు. ఇమాము జీతం, ముఅజ్జిను జీతం, ఊడ్చేవాడి కూలి, దీపాల నూనె అక్కడి నుంచి వచ్చేవి. మనం ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాము."

వక్ఫ్ అంటే ఏమిటో మన పాఠకులకు తెలిసినదే. అయినా దాని మూలాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. హజ్రత్ ఉమర్ (రజి)కి ఖైబర్‌లో మంచి భూమి లభించింది. అంతకన్నా విలువైన ఆస్తి తనకు ఎన్నడూ దొరకలేదనీ, దాన్ని ఏం చేయమంటారనీ ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. మూలాన్ని కదల్చకుండా ఉంచి, ఫలాన్ని దానం చేయవచ్చని ఆయన (స) సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని రాబడి పేదలకు, బంధువులకు, బాటసారులకు చేరుతుంది. బుఖారీ సంకలనంలోని ఈ ఒక్క సంఘటన మీద ముస్లిం నగరాలెన్నో నిలిచాయి.

బయటికి వచ్చి ఎదుటి సుల్తాన్ అహ్మద్ మస్జిదును చూశాము. 1609లో మొదలైన ఆ నిర్మాణానికి మహామేధావి సినాన్ శిష్యుడు ముహమ్మద్ ఆగా శిల్పి. ఆరు మీనార్లు, లోపల ఇరవై వేలకు పైగా ఇజ్నిక్ పలకలు. మావాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే మార్గదర్శి మమ్మల్ని మస్జిదు వెనక్కి తీసుకువెళ్ళాడు. అక్కడ అరాస్తా అనే చిన్న బజారు ఉంది. వీధికి రెండు పక్కలా దుకాణాల వరుస. "దీని అద్దె దానికి" అని వేలితో బజారును, మస్జిదును చూపించాడు. మళ్ళీ అదే జవాబు.

కప్పు ఉన్న బజారు

అక్కడి నుంచి నడిచి 1755లో పూర్తయిన నూరుఉస్మానియా మస్జిదు ఆవరణలోకి వచ్చాము. ఆ ఆవరణ గుండా వెళితే అవతలి చివర బజారు ద్వారం వస్తుంది. పనికి పోయేవారు, మూటలు మోసేవారు, బేరానికి వచ్చినవారు అందరూ మస్జిదు ముంగిట నుంచే నడిచిపోతున్నారు.

తుర్కీలు దీన్ని కపాలీచార్షీ అంటారు. కప్పు ఉన్న బజారు అని అర్థం. ఫాతిహ్ కట్టించిన పాత భాగం ఇప్పుడు దాని నడిబొడ్డున ఉంది. పదిహేను గోపురాల ఆ రాతి మందిరంలో ఒకప్పుడు వర్తకులు తమ డబ్బును, నగలను భద్రపరచుకునేవారట. దాని చుట్టూ శతాబ్దాలుగా పెరిగి ఇప్పుడు అరవై వరకు వీధులు, కొన్ని వేల దుకాణాలు అయ్యాయి. 1894 భూకంపంలో చాలా భాగం దెబ్బతింటే మళ్ళీ కట్టుకున్నారు. వీధులకు వృత్తుల పేర్లు పెట్టారు. బొంతలు కుట్టేవారి వీధి, చెప్పులు కుట్టేవారి వీధి, ఫెజ్ టోపీల వారి వీధి. బొచ్చు టోపీల వారి వీధిలో ఇప్పుడు బంగారం దుకాణాలు బారులు తీరి ఉన్నాయి. వృత్తి పోయినా పేరు మిగిలింది.

ఈ బజారు ద్వారాలలో ఒకదాని మీద అరబ్బీలో ఒక వాక్యం చెక్కి ఉంది. శ్రమించి సంపాదించేవాడు అల్లాహ్‌కు ప్రియుడని దాని భావం. మార్గదర్శి దాన్ని ఉత్సాహంగా చదివి వినిపించాడు. నాలోని ఉపాధ్యాయుడు ఊరుకోలేదు. ఇది ఈ పదాలతో ప్రామాణిక హదీసు సంకలనాల్లో కనిపించదనీ, పెద్దల నోట ప్రసిద్ధమైన మాట మాత్రమేననీ చెప్పాను. అంతటితో ఆగక, బజార్లు అల్లాహ్‌కు అప్రియమైనవని చెప్పే హదీసును కూడా వినిపించాను.

అతను వినయంగానే జవాబిచ్చాడు. "ఉస్తాద్, మీరు చెప్పిన హదీసు మేమూ చదివాము. దానికి ఇమామ్ నవవీ (రహ్మ) ఏ కారణం చెప్పారో మీకు తెలియనిది కాదు."

నాకు తెలుసు. ఏటేటా చెప్పే పాఠమే. మోసం, వడ్డీ, అబద్ధపు ప్రమాణాలు, మాట తప్పడం, అల్లాహ్ స్మరణను మరచిపోవడం, ఇవి బజారులో జరుగుతాయి కనుకనే అది అప్రియమైనదని ఇమామ్ నవవీ వివరించారు. అంటే అప్రియమైనది ఆ పనులే. కొనడం, అమ్మడం కాదు. హిజ్రత్ చేసి మదీనా చేరిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వబోతే, ఆయన దీవించి, తనకు బజారు దారి మాత్రం చూపమని కోరారు. నూర్ సూరాలో అల్లాహ్ ప్రశంసించినది వ్యాపారం లేని మనుషులను కాదు. వ్యాపారమూ, క్రయవిక్రయాలూ తన స్మరణ నుంచి మరల్చలేని మనుషులను. ఈ విషయాలన్నీ నేను వేరువేరు పాఠాలుగా చెప్పినవే. వాటిని ఒక చోట చేర్చి ఆలోచించడం మాత్రం ఆ గుమ్మంలోనే జరిగింది. పక్కనే నిలబడి మా అరబ్బీ సంభాషణను సగం అర్థం చేసుకుంటున్న నా విద్యార్థి ముఖంలోకి చూడలేకపోయాను. పద్దెనిమిదేళ్ళ క్రితం అతనికి సగం వివరణే ఇచ్చి పంపాను.

లోపల ఒక దుకాణంలో అతను తల్లి కోసం మెడకు చుట్టుకునే శాలువా ఒకటి తీసి చూశాడు. రంగు, మెరుపు చూసి మేమంతా పట్టు అనుకున్నాము. నెరిసిన గడ్డం గల దుకాణదారు తల అడ్డంగా ఊపి, ఇది పట్టు కాదు, పట్టులా కనిపించే నూలు అని మార్గదర్శి ద్వారా చెప్పించాడు. అసలు పట్టు పై అరలో ఉంది, ధర నాలుగింతలు, మీకు ఏది కావాలో మీరే చూసుకోండి అన్నాడు. నా విద్యార్థి పట్టు కాని దాన్నే తీసుకున్నాడు. "ఈయన నాకు తెలియనిది చెప్పలేదు హజ్రత్. చేయి పెట్టగానే నాకు తెలిసింది. కానీ అడగకముందే చెప్పాడు. అందుకే ఇక్కడే కొన్నాను" అన్నాడు. అందరూ అలాంటివారే ఉన్నారని చెప్పను. మరో నాలుగు అడుగులు వేస్తే దీపాలు అమ్మే యువకుడొకడు చెప్పిన ధర మేము వెనుదిరిగేసరికి సగానికి దిగింది. దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని పట్టుకున్న బజారు మదీనాది. తడి ధాన్యం ఏ ఊరి బజారులోనైనా ఉంటుంది. చేయి పెట్టి చూసేవారు, అడగకముందే చెప్పేవారు ఉండాలి.

హదీసు పాఠశాల గుమ్మంలో

బజారు పడమటి వైపు నుంచి బయటికి వచ్చి, 1506లో పూర్తయిన బాయజీద్ మస్జిదు పక్కగా పుస్తకాల బజారు దాటి, కొండ మీది సులైమానియాకు చేరుకున్నాము. జుహ్ర్ వేళయింది. మేము ప్రయాణికులమైనా స్థానిక ఇమాము వెనుక నిలబడ్డాము కనుక నాలుగు రకాతులూ చేశాము. నమాజు తరువాత ముఅజ్జిను గొంతెత్తి తస్బీహ్ చదివిస్తుంటే జమాఅతంతా మెల్లగా అందుకుంది.

సినాన్ 1550 నుంచి 1557 వరకు దీన్ని కట్టాడు. 53 మీటర్ల ఎత్తున గోపురం. నాలుగు మీనార్లకు పది గుండ్రని వసారాలు. ఇస్తాంబుల్ నుంచి ఏలిన నాలుగో సుల్తాన్, ఆ వంశంలో పదో సుల్తాన్ సులైమాన్ అన్నదానికి అవి గుర్తు అని చెబుతారు. వేలాది దీపాల పొగ నమాజీలను బాధించకుండా గాలి దాన్ని గుమ్మం పైనున్న ఒక గదికి చేర్చేటట్టు సినాన్ ఏర్పాటు చేశాడట. అక్కడ పేరుకున్న మసితో సిరా చేసేవారని మార్గదర్శి చెప్పాడు. దీపం నూనె అయిపోయాక మిగిలిన మసి కూడా వృథా కాలేదన్న మాట. అది అక్షరాలయింది.

మస్జిదు చుట్టూ చూడవలసినది ఇంకా ఎక్కువ. మదర్సాలు, వైద్యశాల, వైద్య విద్యాలయం, పిల్లల బడి, పేదలకు అన్నం పెట్టే వంటశాల, బాటసారుల సత్రం, స్నానశాల, వీటి మధ్య దుకాణాల వరుసలు. ఇవన్నీ ఒకే వక్ఫ్‌లోనివి. రెండు మదర్సాల భవనాల్లో ఇప్పుడు ప్రసిద్ధమైన సులైమానియా గ్రంథాలయం ఉంది. లోకంలోని ఇస్లామీ చేతిరాత గ్రంథాల పెద్ద నిధుల్లో అదొకటి.

ఈ సముదాయంలో దారుల్ హదీస్ ఒకటుంది. హదీసు మాత్రమే బోధించడానికి కట్టిన పాఠశాల. దాని గుమ్మం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. నాలుగున్నర శతాబ్దాల క్రితం నా వంటి ఉపాధ్యాయుడొకడు ఇక్కడ కూర్చుని, బహుశా అదే హదీసును విద్యార్థులకు చెప్పి ఉంటాడు. ఆయన జీతం ఎక్కడి నుంచి వచ్చేదో ఈసరికి అడగనవసరం లేదు. అప్పుడు నాకు మరో ప్రశ్న వచ్చింది. నా జీతం ఎక్కడి నుంచి వస్తోంది?

మా ఊరి జామియా మస్జిదుకు వీధి వైపు దుకాణాల వరుస ఉంది. పాతకాలపు దాత ఒకరు వక్ఫ్ చేసినది. ఆ అద్దెలో కొంత భాగం మా మదర్సాకు వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా బజారు చెడ్డదని చెప్పిన నా నోట్లోకి వెళ్ళే ముద్ద ఆ బజారు నుంచే వచ్చింది. ఈ మాట నాకు తెలియక కాదు. ఎన్నడూ తలచుకోలేదు.

మెట్లు ఎక్కి నమాజు, దిగి బేరం

కొండ దిగి ఇరుకు సందుల్లో, గిన్నెలు, తాళ్ళు, బుట్టలు అమ్మే వీధుల గుండా కిందికి వచ్చాము. ఒక చోట మార్గదర్శి ఆగి, "మస్జిదు ఎక్కడ?" అని అడిగాడు. ఎటు చూసినా దుకాణాలే. వాటి మధ్య సన్నని రాతి మెట్లు పైకి పోతున్నాయి. ఎక్కితే, దుకాణాల కప్పుల మీద, ఎండ పడే ఆవరణ, దాని వెనుక రుస్తమ్ పాషా మస్జిదు. సులైమాన్ అల్లుడు, ప్రధాన మంత్రి అయిన రుస్తమ్ పాషా పేరిట 1560 ప్రాంతాల్లో సినాన్ కట్టినది. లోపల గోడల నిండా నీలం, ఎరుపు పూల పలకలు. సినాన్ ఇక్కడ మస్జిదును కావాలనే ఎత్తు మీద నిలబెట్టి, కింద దుకాణాలు, గిడ్డంగులు కట్టాడు. పైది కిందిదాన్ని ఆశీర్వదిస్తుంది, కిందిది పైదాన్ని పోషిస్తుంది.

మన చార్మినార్ గుర్తొచ్చింది. 1591 నాటి ఆ కట్టడం పై అంతస్తులోనూ నమాజు చోటు ఉంది, కింద నాలుగు దిక్కులా బజారు ఉంది. మనవాళ్ళకూ ఈ పద్ధతి తెలిసినదే. మనమే మరచిపోయాము.

అస్ర్ నమాజుకు కింది దుకాణాల వారు కొందరు చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చారు. ముగియగానే దిగిపోయారు. నా విద్యార్థి మాత్రం కదలలేదు. ఆవరణ అంచున నిలబడి కింది దుకాణాలను చూస్తూ ఉండిపోయాడు. ఉదయం నుంచి అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగినవాడు ఆ తరువాత ఒక్కటి కూడా అడగలేదు.

చివరి మజిలీ సముద్రపు పాయ ఒడ్డున ఉన్న యెనీ జామీ, దాని పక్కనే మిస్ర్ బజారు. ఈ మస్జిదును 1597లో సఫియ్యా సుల్తాన్ అనే రాజమాత మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు పని ఆగిపోయింది. అర్ధ శతాబ్దానికి పైగా అసంపూర్ణంగా పడి ఉన్నదాన్ని మరో రాజమాత తుర్హాన్ సుల్తాన్ పూర్తి చేయించింది. 1660లలో మస్జిదుతో పాటు బజారు కూడా కట్టించి, దాని అద్దెను మస్జిదు ఖర్చులకు రాసిచ్చింది. మిరియాలు, జీలకర్ర, కుంకుమపువ్వు, ఎండు అత్తిపండ్లు కుప్పలుగా పోసిన ఆ బజారులో రెండు వీధులు కలిసే చోటును దుఆ మైదానం అంటారు. బేరాల నడుమ దుఆకు ఒక చోటు కేటాయించారు. మా బృందంలోని సోదరీమణులు ఆ బజారు కథను మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో మస్జిదుకు ఏదో ఒకటి ఇవ్వాలని తపించే స్త్రీలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఒకసారి ఖర్చయిపోయేది కాక, ఏటేటా ఫలమిచ్చేది ఇవ్వవచ్చునని వారికి చెప్పేవారే తక్కువ.

అతను అడిగిన ప్రశ్న

మగ్రిబ్ తరువాత మస్జిదు మెట్ల మీద కూర్చున్నాము. ఎదురుగా పడవల దీపాలు. చిన్న గాజు గ్లాసుల్లో టీ తెచ్చి నా పక్కన కూర్చుని నా విద్యార్థి చాలాసేపటికి నోరు విప్పాడు.

"హజ్రత్, నా దుకాణం మస్జిదుది."

"తెలుసు నాయనా."

"అద్దె మా అబ్బా కాలం నాటిదే. మధ్యలో రెండుసార్లు కాస్త పెంచారు, అంతే. వీధికి అవతలి వైపు సొంతదారుల దుకాణాలకు దానికి పదింతలు ఉంది. నేను ఎవరినీ మోసం చేయలేదు, తూకంలోనూ కొలతలోనూ ఒక్క అంగుళం తగ్గించలేదు. కానీ ఆ మిగతా తొమ్మిది వంతులు ఎవరివి? ఇవాళ మెట్ల పైన నిలబడితే అర్థమైంది. దీపం నూనె నేనే తాగుతున్నాను." అతను కాసేపు ఆగాడు. "మీకు తెలుసు కదా హజ్రత్. మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదు?"

అందులో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. ఎందుకు చెప్పలేదు? పండగకు బట్టలు పంపేవాడు. మదర్సా పిల్లలకు ఏటా చలికాలం దుప్పట్లు ఇచ్చేవాడు. అంత మంచివాణ్ణి అడిగి బాధపెట్టడం ఎందుకని అనుకున్నానేమో. అతను బజారుకు పోతున్న రోజు అతన్ని గాయపరిచే మాట నా నోట వెంటనే వచ్చింది. బజారులో ఉన్నవాడికి చెప్పవలసిన మాట మాత్రం పద్దెనిమిదేళ్ళు రాలేదు. అల్-ముతఫ్ఫిఫీన్ సూరా కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుందని వేలసార్లు బోధించాను. మస్జిదుకు చేరవలసిన అద్దె తగ్గడం కూడా ఒక తగ్గింపేనని, దాన్ని చూసి మాట్లాడని ఉపాధ్యాయుడు కూడా ఆ తూకం దగ్గర నిలబడి ఉన్నాడని బోధించలేదు.

"తప్పు నాది నాయనా. ఆ రోజు నీకు అన్న మాట కూడా తప్పే. క్షమించు" అన్నాను. అతను నా చేయి పట్టుకున్నాడు. ఆ తరువాత ఇద్దరమూ మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

ఇంటికి చేరిన వారంలోపే అతను ముతవల్లీ గారి దగ్గరికి వెళ్ళి, బయటి ధర ప్రకారం అద్దె కడతానని రాసిచ్చాడు. నేను వెంట వెళ్ళాను. ఇంకో ఇద్దరు దుకాణదారులు కూడా ముందుకు వచ్చారు. మిగిలినవారు రాలేదు. ఈయన ఇస్తాంబుల్ వెళ్ళొచ్చి మా పొట్ట కొట్టాడని ఒకరు నన్ను నిలదీశారు కూడా. వారి కష్టాలు వారికి ఉన్నాయి, వ్యాపారాలు మునుపటిలా లేవు. అయినా చెప్పవలసినది ఇప్పుడు చెబుతున్నాను. పెరిగిన అద్దెలో మొదటి ఖర్చుగా కమిటీవారు వజూ చోట పాడైపోయిన కొళాయిలు మార్పించారు.

ప్రియమైన పాఠకులారా! మీలో ఎందరో మస్జిదు దుకాణాల్లో, వక్ఫ్ ఇళ్ళల్లో, వక్ఫ్ భూముల్లో ఉండవచ్చు. వక్ఫ్ ఆస్తుల గురించి బయటివారిని ప్రశ్నించే హక్కు మనకు ఉంది. కానీ మొదటి ప్రశ్న మన ఇంట్లోనే మొదలు కావాలి. మనం కడుతున్న అద్దె న్యాయమైనదా? దాత చనిపోయి ఎన్నేళ్ళయినా అతని కర్మల పత్రంలో పుణ్యం చేరుతూ ఉండాలని అతను ఆ ఆస్తిని వదిలి వెళ్ళాడు. ఆ ప్రవాహానికి అడ్డుకట్ట మన చేతులతో పడకూడదు. నా తోటి ఉలమాలకు కూడా ఒక మనవి. బజారుకు పోతున్న విద్యార్థి మదర్సాకు పోగొట్టుకున్నవాడు కాదు. మన పాఠానికి అక్కడే ఎక్కువ అవసరం ఉంది.

ఈ ఏడు మస్జిదుల అధ్యాయం వచ్చినప్పుడు అదే హదీసు దగ్గర మళ్ళీ ఆగాను. పాత వివరణ చెప్పాక, మిగిలిన సగం కూడా చెప్పాను. తరగతి అయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని మా మస్జిదు ముందరి దుకాణాల వరుస దాకా నడిపించి, లోపలి దీపం నూనె ఎక్కడి నుంచి వస్తుందో చూపించాను.

మన మస్జిదుల దీపాలను హలాల్ సంపాదనతో వెలిగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన బజార్లలో అమానతును, సత్యాన్ని పెంపొందించుగాక! ఆమీన్.